‘ఒకానొక పక్షి’ అని రాసి ఊరుకోవద్దు: తెలుగు నిఘంటుకారులకు బహిరంగ లేఖ

తెలుగు నిఘంటువుల సంపాదక మండళ్లకు, విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల ఆచార్యులకు,

ఆర్యులారా,

నమస్కారం. నెల్లూరు జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. నిఘంటు నిర్మాణంలో నాకు అనుభవం లేదు. నిఘంటువును జీవితమంతా వాడుకున్నవాడిగా మాత్రమే ఈ లేఖ రాస్తున్నాను. మన నిఘంటువుల్లో పక్షుల పేర్లకు జరిగిన అన్యాయాన్ని ఇకనైనా సరిదిద్దమని మిమ్మల్ని అడగాలని నా కోరిక. గ్రీకు భాషనూ పక్షులనూ ఒకే జీవితంలో చదివిన ఒక స్కాట్లండు పండితుడి కథ తెలిసిన తర్వాతే ఈ మాట అడగవచ్చుననే ధైర్యం నాకు వచ్చింది. అందువల్ల ఈ లేఖలో ఎక్కువ భాగం ఆయన గురించే ఉంటుంది, మన్నించండి.

ముందు నా తరగతి గదిలో జరిగిన ఒక చిన్న సంగతి చెబుతాను. ఆముక్తమాల్యద మొదటి ఆశ్వాసంలో విల్లిపుత్తూరు బాతువుల పద్యం మీకందరికీ కంఠస్థమే. వరిమళ్ల కాలువ పక్కన బాతువులు తలలు రెక్కల్లో దూర్చుకుని నిద్రపోతుంటే, కావలివాళ్లు వాటిని చూసి, వేకువ స్నానాలు చేసి వెళ్లిన బ్రాహ్మణులు పిండి మరిచిపోయిన బట్టలని పొరబడి, వాళ్ల ఇళ్లకు చేరుద్దామని రేవులోకి దిగుతారు. బాతువులు ఒక్కసారిగా పారిపోతాయి, పైరు కాచే ఆడపిల్లలు చూసి నవ్వుతారు. ఈ పద్యం చెప్పిన రోజు చెరువు పక్క ఊరి నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, “మాస్టారూ, మా చెరువులో బాతులు గోధుమ రంగులో ఉంటాయి. అవి తడి పంచెల్లాగా ఎట్లా కనపడతాయి?” అని అడిగింది. పెంపుడు బాతులై ఉంటాయిలే అని ఆ పూటకు దాటవేశాను గానీ, రాత్రి ఇంట్లో ఉన్న నిఘంటువులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. బాతు దగ్గర ఒక సంస్కృత పర్యాయపదం దొరికింది. ఆ పర్యాయపదం దగ్గరికి వెళితే మళ్లీ బాతే దొరికింది. పక్క పేజీల్లో ఉన్న మరికొన్ని పేర్ల దగ్గర అయితే అదీ లేదు: ‘ఒకానొక పక్షి’, ‘పక్షివిశేషము’.

ఆ అమ్మాయి ప్రశ్న ఎంత మంచిదో నాకు ఏళ్ల తర్వాత తెలిసింది. మన చెరువుల్లో తిరిగే అడవి బాతుల్లో ఎక్కువ వాటి రంగు గోధుమే. తెల్లగా కనిపించే చిన్న జాతి ఒకటుంది గానీ అది నీటిని వదిలి గట్టెక్కడం అరుదు, నేల మీద నడక కూడా దానికి సరిగా రాదు. ఇక పద్యంలోని ‘వెస బాఱు’ అన్న మాట పరుగెత్తడం కావచ్చు, ఎగిరిపోవడమూ కావచ్చు. పరుగైతే తెల్లని పెంపుడు బాతులు, ఎగరడమైతే మరొకటి. అంటే ఒక క్రియాపదానికి అర్థం తేలాలంటే బాతు ఏదో తేలాలి, బాతు తేలాలంటే క్రియాపదం అర్థం తేలాలి. ఈ ముడిని విప్పడానికి వ్యాకరణమొక్కటే చాలదు, పక్షి పరిజ్ఞానమొక్కటే కూడా చాలదు. సరిగ్గా ఇలాంటి ముడుల దగ్గర ఒక మనిషి యాభై ఏళ్లకు పైగా కూర్చున్నారు.

ఆయన పేరు డార్సీ వెంట్‌వర్త్ థాంప్సన్. 1860 మే 2న ఎడిన్‌బరోలో పుట్టారు. తండ్రి పేరూ అదే. తండ్రి అక్కడి బడిలో గ్రీకు, లాటిన్ చెప్పే ఉపాధ్యాయుడు, తర్వాత ఐర్లండులో గాల్వే క్వీన్స్ కాలేజీకి గ్రీకు ఆచార్యుడిగా వెళ్లారు. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే తల్లి కన్నుమూయడంతో పిల్లవాడు అమ్మ పుట్టింట పెరిగాడు. ఆ ఇంటి పెద్ద, తాత జోసెఫ్ గామ్‌జీ, పశువైద్యుడు. గ్రీకు భాష తండ్రి నుంచి, జంతువుల మీద చూపు తాతగారి ఇంటి నుంచి వచ్చాయని ఆయన జీవితం చదివిన వారెవరికైనా అనిపిస్తుంది. ఎడిన్‌బరోలో వైద్యం చదువు మొదలుపెట్టి, దాన్ని విడిచి కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలో జంతుశాస్త్రం చదివారు. 1884లో, 24 ఏళ్ల వయసులో, డండీ యూనివర్సిటీ కాలేజీలో జీవశాస్త్ర ఆచార్యుడయ్యారు. డండీ అప్పట్లో తిమింగలాల వేట ఓడల రేవు. ఉత్తర సముద్రాల నుంచి ఆ ఓడలు తెచ్చే జీవుల కళేబరాలతో అక్కడ ఒక మ్యూజియం కూడబెట్టారు. 1917లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయానికి మారి, 1948 జూన్ 21న చనిపోయేదాకా అక్కడే ఆచార్యుడిగా ఉన్నారు. రెండు చోట్లా కలిపి అరవై నాలుగేళ్లు. ముసలితనంలో భుజం మీద చిలుకను కూర్చోబెట్టుకుని వీధుల్లో నడిచేవారని ఆ ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది.

లోకం ఆయన్ను గుర్తు పెట్టుకున్నది జీవుల ఆకారాల వెనక ఉన్న గణితం మీద 1917లో ఆయన వెలువరించిన పెద్ద గ్రంథం వల్ల. 793 పుటలతో వచ్చిన ఆ పుస్తకం 1942లో రెండో కూర్పుకు 1116 పుటలైంది. రాబందు రెక్కలోని ఒక ఎముకను నిలువునా కోస్తే లోపల కనిపించే అడ్డు పుల్లల అమరిక, రైలు వంతెనకు ఇంజనీర్లు వేసే ఏటవాలు ఉక్కు కమ్మీల అమరిక ఒక్కటేనని అందులో చూపించారు. దాని గురించి వేరేవాళ్లు చాలా రాశారు కాబట్టి నేను ఆగను. నా గోడు వేరే పుస్తకం గురించి.

1895లో, ముప్పై ఐదేళ్ల వయసులో, ఆయన ఆక్స్‌ఫర్డ్ నుంచి ప్రాచీన గ్రీకు పక్షినామాల కోశం ప్రచురించారు. నలభై ఒక్క ఏళ్లు దాన్ని దిద్దుతూ, పెంచుతూ 1936లో కొత్త కూర్పు తెచ్చారు. చేపల పేర్లకు అలాంటిదే మరో కోశం 1947లో, అంటే ఎనభై ఆరేడేళ్ల వయసులో, వెలువరించారు. నడుమ 1910లో అరిస్టాటిల్ జంతు చరిత్రను ఇంగ్లీషులోకి అనువదించి విస్తారంగా అధస్సూచికలు రాశారు. జంతుశాస్త్రం చెప్పి జీతం తీసుకున్న ఈ మనిషిని 1929లో క్లాసికల్ అసోసియేషన్ వారు, అంటే గ్రీకు లాటిన్ పండితుల సంఘం వారు, తమ అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. మన దగ్గర ఒక జంతుశాస్త్ర ఆచార్యుణ్ని తెలుగు పండిత పరిషత్తుకు అధ్యక్షుణ్ని చేసే రోజును ఊహించండి. అది జరగకపోవడంలో తప్పు జంతుశాస్త్రం వారిదా, మనదా అన్నది ఇక్కడ తేల్చను.

ఆయనకు ముందు గ్రీకు నిఘంటువుల తీరు మన నిఘంటువుల తీరులాగే ఉండేది. చాలా పేర్ల ఎదుట ‘ఏదో తెలియని పక్షి’ అని ఉండేది. క్రీస్తు పూర్వం 414లో ఏథెన్సులో ఆడిన అరిస్టోఫనీజ్ పక్షుల నాటకంలో మేళంగా ఇరవై నాలుగు పక్షులు పేరుపేరునా రంగం మీదికి వస్తాయి. ఆ పేర్లు విన్న ఏథెన్సు ప్రేక్షకుడికి ఒక్కో పక్షి ముక్కు, రంగు, నడక కళ్లకు కట్టి నవ్వొచ్చి ఉంటుంది. పక్షి తెలియని పాఠకుడికి అది ఉత్త పేర్ల పట్టీ. ఆ నాటకంలో పక్షులకు రాజు కిరీటంలాంటి జుట్టున్న పక్షి. దాన్ని గ్రీకులో ఎపాప్స్ అన్నారు, లాటిన్‌లో ఉపుపా అన్నారు, మనం కూకుడుగువ్వ అన్నాం. మూడు పేర్లూ దాని కూత నుంచే పుట్టాయని పలికి చూస్తే తెలుస్తుంది. పిట్టను చూసి, దాని కూత విన్నవాడికి ఈ మూడు పేర్లకూ వేరే వ్యుత్పత్తి చెప్పనక్కర్లేదు.

థాంప్సన్ తన కోశంలో ఒక్కో పేరుకూ పెట్టిన వరస మనం నేర్చుకోవలసింది. ముందు పదం, దాని మాండలిక రూపాలు, తర్వాత అది ఏ పక్షో నిర్ణయం. నిర్ణయం కుదరకపోతే కుదరలేదనే రాశారు. ఆ తర్వాత నేటి గ్రీకు పల్లెల్లో ఆ పక్షిని ఏమంటున్నారో చెబుతారు. ప్రాచీన గ్రీకులో పెర్డిక్స్ అన్న కౌజును ఇప్పటికీ అక్కడ పెర్డికా అనే అంటారు. రెండు వేల ఏళ్లుగా వేటగాడి నోట బతికిన పేరు ఏ వ్యాఖ్యాత కన్నా నమ్మకమైన సాక్షి అని ఆయన గ్రహించారు. పందొమ్మిదో శతాబ్దంలో గ్రీసులో తిరిగి పక్షుల్ని చూసి రాసిన జర్మన్ పరిశీలకుల పుస్తకాల్ని అందుకే వదలకుండా వాడుకున్నారు. ఆ తర్వాతే కవుల మాటలు, అరిస్టాటిల్ మాటలు, సామెతలు, శకునాలు, కథలు వస్తాయి.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో ఒక పేరు దగ్గర నిలబడి చూద్దాం. లకుముకి పిట్టను గ్రీకులు హాల్సియన్ అన్నారు. నడి చలికాలంలో, పగలు అతి చిన్నదైన రోజుకు ముందు ఏడు రోజులు, వెనక ఏడు రోజులు సముద్రం నిశ్చలంగా ఉంటుందనీ, ఆ పద్నాలుగు రోజుల్లో ఈ పిట్ట గూడు కట్టి పిల్లల్ని చేస్తుందనీ అరిస్టాటిల్ అంతటివాడు రాశాడు. నిజానికి లకుముకి చలికాలంలో గూడు పెట్టదు. ఎండలు ముదిరే ముందు ఏటి గట్టులో బొరియ తవ్వి గుడ్లు పెడుతుంది. ఇక్కడ పక్షిశాస్త్రమొక్కటే తెలిసినవాడైతే ‘ఇది అబద్ధం’ అని రాసి ముందుకు పోతాడు. సాహిత్యమొక్కటే తెలిసినవాడు ‘ఇది కవిసమయం’ అని రాసి పోతాడు. థాంప్సన్ పక్షిని ఒక పక్కన, కథను ఒక పక్కన పెట్టి రెండింటినీ కాపాడారు. కృత్తికల్లో అన్నిటికన్నా కాంతిగల నక్షత్రానికి గ్రీకులు పెట్టిన పేరు కూడా హాల్సియనే కాబట్టి, ఆ కథ మూలాన్ని నేల మీద కాక ఆకాశంలో వెతికారు.

ఆ వెతుకులాట కొన్నిచోట్ల శ్రుతి మించిందని కూడా చెప్పాలి. గద్దకూ హంసకూ వైరమనే కథ కనబడితే అవి ఆకాశంలోని గరుడ, హంస నక్షత్ర మండలాల ఉదయాస్తమయాలని ఆయన తేల్చేసేవారు. కృత్తికల దగ్గర అందంగా కుదిరిన ఊహ అన్ని చోట్లా కుదరదు. తర్వాతి పండితులు ఆ భాగాన్ని చాలావరకు పక్కన పెట్టారు. ఈ లోపం దాచకుండా చెప్పడానికి కారణం ఉంది: ఊహలు వీగిపోయినా కోశం నిలబడింది. మూలం ఎక్కడిదో, పరిశీలన ఎవరిదో, ఊహ తనది ఎంతవరకో పాఠకుడు విడదీసుకోగలిగేలా రాశారు కాబట్టే నిలబడింది. మన వాళ్లు తప్పు పడుతుందేమోనని ‘ఒకానొక పక్షి’ అని రాసి తప్పుకున్నారు. దాన్ని తప్పనడానికి వీల్లేదు, నిజమే. దానితో ఎవరికీ పనీ లేదు.

పక్షిని ఎరిగినవాడు గ్రంథాన్ని చదివితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ మరొకటి ఉంది. తన మెడను తానే మెలితిప్పే ఒక చిన్న పిట్ట గురించి అరిస్టాటిల్ రాశాడు: ముందుకు రెండు వేళ్లు, వెనక్కు రెండు వేళ్లు, పొడవైన నాలుక, పాములా తిరిగే మెడ. ఈ పిట్టను చక్రానికి కట్టి తిప్పితే ప్రియుడు తిరిగి వస్తాడని గ్రీకుల వశీకరణ. ఆ వశీకరణ ఎందుకు ఆ పిట్టతోనే అన్నది మెడ తిప్పుడు చూసినవాడికి చెప్పనక్కర్లేదు. యూరపు నుంచి తూర్పు ఆసియా దాకా పిల్లల్ని చేసే ఈ జాతి చలికాలంలో మన దక్కన్‌కు కూడా వస్తుంది. ఇంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి. అరిస్టాటిల్ గ్రంథంలో వచ్చే ఊర్ల పేర్లనూ సముద్ర జీవుల తావులనూ లెక్కగట్టి, వాటిలో చాలా భాగం లెస్బాస్ ద్వీపం చుట్టూ, అక్కడి పిర్రా ఉప్పుకయ్య చుట్టూ ఉన్నాయని థాంప్సన్ గుర్తించారు. కాబట్టి ఆ తత్వవేత్త జంతు పరిశీలన వార్ధక్యపు కాలక్షేపం కాదనీ, ఏథెన్సులో రెండు సార్లు కాపురమున్న కాలాల నడుమ, నడి వయసులో జరిగిన పని అనీ సూచించారు. అరిస్టాటిల్ ఆలోచన ఏ క్రమంలో ఎదిగిందన్న పెద్ద చర్చలో ఆ చిన్న సూచనకు ఇప్పటికీ చోటుంది. పులికాట్ సరస్సు పక్షులు తెలిసినవాడు మన ప్రబంధాల్ని ఇలా చదివితే ఏం దొరుకుతుందో నాకు తెలుసుకోవాలని ఉంది.

ఈ దారిలో ఆయన ఒంటరి కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో రోమన్ మతాచారాల మీద ప్రామాణిక గ్రంథాలు రాసిన వార్డ్ ఫౌలర్ 1886లో పక్షుల మీద రాసిన పుస్తకంలో వర్జిల్ కవి పక్షులకు ఒక అధ్యాయం కేటాయించారు. లీడ్స్‌లో గ్రీకు ఆచార్యుడైన జెఫ్రీ ఆర్నాట్ థాంప్సన్ కోశాన్ని తిరగరాసినట్టుగా కొత్త కోశం తయారుచేసి 2007లో ప్రచురించారు. సంస్కృతానికి కె.ఎన్. దవే చేసిన కృషి 1985లో పుస్తకంగా వచ్చింది. తెలుగుకు అలాంటి పుస్తకం నాకు తెలిసినంతలో లేదు.

మన పని గ్రీకు పని కన్నా సులువు కూడా. గ్రీకు మాట్లాడిన అరిస్టోఫనీజ్ ప్రేక్షకుడు లేడు, మన పసులకాపరి ఇంకా ఉన్నాడు. నల్లగా, తోక చీలి, పశువుల వీపు మీద కూర్చుని తిరిగే పిట్టను పుస్తకాలు ఏట్రింత అంటాయి. మా ఊరి చెరువు కట్ట మీద బర్రెలు తోలుకెళ్లే పెద్దాయన్ను అడిగితే, “దాన్ని పసలపోలిగాడు అంటారు సామీ, గొడ్డు అడుగు తీసి అడుగేస్తే గడ్డిలో నుంచి లేచే పురుగు దానికి కూడు” అన్నాడు. ఆ ఒక్క వాక్యంలో పేరు, ఆ పేరుకు కారణం, పిట్ట బతుకు మూడూ ఉన్నాయి. పోలిగాడనే మనిషి పేరు పిట్టకు పెట్టి, దాన్ని కూడా ఒక కాపరిని చేసిన ఆ పలుకుబడి ఎంత చక్కనిదో నేను మీకు చెప్పాలా? ఇలాంటి పేర్లను మొదట శ్రద్ధగా రాసిపెట్టుకున్నది తెలుగు పండితుడు కాదు. 1840లలో నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ 1862 నుంచి 1864 దాకా వెలువరించిన భారతదేశ పక్షుల గ్రంథంలో చాలా జాతుల దగ్గర తెలుగు పేరు కూడా ఎక్కించారు. సి.పి. బ్రౌన్ 1852 నిఘంటువు పక్షుల దగ్గర మన వాళ్ల కన్నా కొంత ఎక్కువ చెప్పిందన్నది కూడా మీరు ఒప్పుకుంటారు.

అదే జెర్డన్ పేరు మోసే పక్షి కథ మీకు తెలిసిందే. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న ఆ పక్షిని 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారు మళ్లీ కనుగొన్నారు. వాళ్లను దాని దగ్గరికి చేర్చింది పిట్టలు పట్టే ఒక స్థానికుడు. శాస్త్రం ఎనభై ఆరేళ్లు పోగొట్టుకున్న పక్షికి ఆ ముళ్లపొదల పక్క ఊళ్లలో కలివికోడి అనే పేరు చక్కగా బతికే ఉంది. పేరు ఉన్నచోట పక్షి ఉంటుందని వేటగాడికి తెలుసు.

గ్రంథాల్లోని పేర్ల దగ్గరా పని తక్కువేమీ లేదు. భరద్వాజ పక్షినే తీసుకోండి. సంస్కృత నిఘంటువులు దాన్ని భరతపక్షి జాతి చిన్న పాటగత్తెగా చెబుతాయి. పక్కనే మరాఠీలో భారద్వాజ్ అంటే ఎర్రరెక్కల జెముడుకాకి. తెలుగు కావ్యంలో ఆ మాట కనబడ్డప్పుడు చేతిలో ఇమిడే పిట్టను ఊహించాలా, కాకి అంత పక్షిని ఊహించాలా? అలాగే చకోరం. వెన్నెల తాగడం కవిసమయమే, కాదనను. కానీ చకోరమని పిలిచే కౌజు జాతి హిమాలయాల వైపు కొండల్లో బతుకుతుంది, తెలుగు నేల మీద లేదు. అంటే మన కవుల్లో ఎక్కువమంది చూడని పక్షి గురించి, జక్కవ విషయంలో మాత్రం ప్రతి చలికాలమూ కృష్ణా గోదావరుల ఇసుక తిన్నెల మీద జంటగా దిగే పక్షి గురించి రాశారు. చూసి రాసినదానికీ, విని రాసినదానికీ భాషలో తేడా ఉంటుందా అన్న ప్రశ్న ఒక పరిశోధక విద్యార్థికి సరిపడినంత పని. ఆ ప్రశ్న వేయాలన్నా, ఏది మన పక్షో ఏది కాదో నిఘంటువు చెప్పాలి కదా.

కొందరు మిత్రులు ఇది నిఘంటువు పని కాదు, జంతుశాస్త్ర విజ్ఞాన సర్వస్వం పని అన్నారు. ఒక సదస్సులో ఈ విషయం మీద వ్యాసం చదువుతానంటే, ‘సాహిత్యానికి సంబంధించిన అంశం పంపండి’ అని మర్యాదగానే తిప్పి పంపారు కూడా. వారి మీద నాకు కోపం లేదు. కానీ ‘వరి’ అన్న మాటకు ‘ఒకానొక గడ్డి’ అని అర్థం రాస్తే మనం ఒప్పుకుంటామా? వ్యవసాయ పదాల దగ్గర మనవాళ్లు అలా తప్పుకోలేదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి నేతృత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం కోసం రైతుల దగ్గరికి వెళ్లి, నాగలి భాగాల పేర్లన్నీ జిల్లాల వారీగా అడిగి రాసుకున్నారు. ఆ తర్వాత చేనేతకు కూడా సంపుటం వచ్చింది. పొలంలో నాగలి కర్రు పేరు ఎంత తెలుగో, ఆ నాగలి వెనక పురుగులేరుకునే పిట్ట పేరూ అంతే తెలుగు.

కాబట్టి నేను అడుగుతున్నది ఇంత మాత్రమే. కొత్తగా కూర్చే లేదా తిరిగి ముద్రించే ఏ నిఘంటువులోనైనా పక్షి పేరు ఎదుట జాతి నిర్ణయం, తెలుగు జిల్లాల్లో దాని వాడుక పేర్లు, అది మన నేల మీద ఏడాది పొడవునా ఉంటుందా, వలస వస్తుందా, అసలు రాదా, ప్రాచీన ప్రయోగం ఎక్కడుంది అన్న వివరాలు చేర్చండి. నిర్ణయం కాని చోట ఎందుకు కాలేదో ఒక్క వాక్యం రాయండి. దానికోసం జంతుశాస్త్ర శాఖ వారిని, పక్షుల్ని చూసే యువకుల్ని, అంతకన్నా ముందుగా యానాదుల వంటి, పిట్టలు పట్టి బతికిన కుటుంబాల వారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఈ చివరి వారిలో పెద్దవాళ్లు వెళ్లిపోతున్నారు, వేట నిషేధం తర్వాత పిల్లలు వేరే పనుల్లోకి పోయారు, పేర్లు ఆ పెద్దవాళ్లతోనే పోతాయి. అన్ని జిల్లాలూ ఒకేసారి కాకపోయినా ఒక్క జిల్లాతో మొదలుపెట్టవచ్చు. పక్షులు దిగే నేలపట్టు, పులికాట్ ఉన్నాయి కాబట్టి మా వైపు నుంచే మొదలుపెట్టమని నా స్వార్థం.

థాంప్సన్ 1947 జనవరిలో, ఎనభై ఆరేళ్ల వయసులో, రాయల్ సొసైటీ ప్రతినిధుల్లో ఒకరిగా విమానమెక్కి ఢిల్లీకి వచ్చారు. జవాహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షత వహించిన ఆ ఏటి సైన్స్ కాంగ్రెసులో పాల్గొన్నారు. తిరిగి వెళ్లాక ఆరోగ్యం మళ్లీ మునుపటిలా కాలేదు, ఆ మరుసటి ఏడాదే పోయారు. ఢిల్లీ వీధుల్లో జనవరి చలిలో ఆయన తల పైన తిరిగిన గద్దల్నీ, గోరువంకల్నీ చూసి వాటి స్థానిక పేర్లు ఎవరినైనా అడిగే ఉంటారని నా నమ్మకం, రుజువు అడగకండి.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న తర్వాత నేను పెట్టుకున్న నోటు పుస్తకంలో ఇప్పటికి నూట నలభైకి పైగా పేర్లు చేరాయి, ఎవరు చెప్పారో, ఏ ఊళ్లో, ఏ నెలలో అన్న వివరాలతో. అందులో నలభై దాకా ఏ పక్షివో నాకు తేలలేదు, వాటి ఎదుట కూత ఎలా ఉంటుందని చెప్పారో అదే రాసి ఉంచాను. మీలో ఎవరు ఈ పని మొదలుపెట్టినా జిరాక్సు తీయించి నా ఖర్చుతో పంపుతాను. బాతువుల పద్యం ఎదుట మాత్రం ఇంకా ఖాళీయే ఉంది.

భవదీయుడు,
విశ్రాంత తెలుగు అధ్యాపకుడు,
నెల్లూరు జిల్లా